ముప్పై రోజుల గడువు

కుతైసిలో పెళ్ళంటే తెల్లవార్లూ పని.
బల్ల పెద్ద లేచి కొమ్ముపాత్ర ఎత్తితే
వరసగా దీవెనలు: దేశానికి, పోయినవాళ్ళకి,
వంట చేసిన చేతులకి.
పదకొండోది పిల్లల కోసం. అందరూ లేచారు.
నేనెలాగూ నిలబడే ఉన్నాను
తొమ్మిది గంటలుగా, మెడలో రెండు కెమెరాలతో.

అప్పుడే జేబులో ఫోను వణికింది.
గోచా: "తెక్లే పన్ను ఊడింది. నీకే చూపిస్తుందట, నిద్రపోనంటోంది."
పెళ్ళికూతురి తల్లి ఏడుస్తోంది, వెలుగు బాగుంది.
ఫోను లోపల పెట్టి
ఆవిడ కన్నీటికి ఫోకస్ సరిచేశాను.

ఇల్లు చేరేసరికి రియోనీ మీద మంచు.
గోచా బేకరీకి బయల్దేరే వేళ. గుమ్మంలో
ఒకరి కోటు ఒకరికి రాసుకుంది, అదే మా పలకరింపు.
మంచం మీద తెక్లే, నోరు తెరుచుకుని.
ఆ ఖాళీ కనిపించేంత వెలుగు లేదు,
ఫ్లాష్ వేస్తే లేస్తుంది.

వంటింట్లో చిన్న గిన్నెలో పన్ను,
గిన్నె కింద కాగితం, అచ్చం నా బిల్లుల్లాగే గళ్ళు గీసి:

ఎదురుచూపు – మూడు గంటలు
నువ్వు లేని సూప్ – ఒక గిన్నె
పన్ను – ఊరికే
గడువు – ముప్పై రోజులు

నవ్వొచ్చింది. ఆ తర్వాత
వేసవి నుంచీ నా డబ్బు ఎగ్గొడుతున్న హోటల్ వాడు గుర్తొచ్చాడు,
"రేపు, తప్పకుండా రేపు" అనే ఆ తీపి గొంతు.

పొద్దున్నే దుప్పటి లాగి అడిగింది: "ఎప్పుడిస్తావ్?"
ఆదివారం బాప్తిస్మం ఒకటుంది, సోమవారం ఎడిటింగ్.
నోరు తెరిచాను.
హోటల్ వాడి గొంతే వచ్చింది.