ఏమో

మా ఇంట్లో లెక్కల పుస్తకం లేదు.
పొయ్యి పక్కన నాపరాతి బండ ఉండాది.
అంచు విరిగిందని ఫ్యాక్టరీలో పారేస్తే
తాడిపత్రి ఎండలో సైకిల్ మీద నేనే మోసుకొచ్చిన రెండడుగుల ముక్క.
పాప బడినుంచి తెచ్చిన సుద్దముక్కతో
మాబున్ని దాని మీద రాస్తాది.

శనివారం బట్వాడా.
చొక్కా మీద రాతిపాలు ఎండి అట్టలు కట్టుంటాయి.
చేతులు కడగకముందే నోట్లు ఆమె చేతిలో పెట్టాల.
ఆ రాత్రి మాత్రం అంగడికి పోనియ్యదు.
"దుడ్లు వేడి మీదుండాయి, ఆరనీ" అంటాది.
సోమవారం పొద్దున రాసి, తర్వాతే కొంటాది.
ఖర్చయినాక రాసేది లెక్క కాదంట,
ఏడుపంట.

నూనె పాకెట్టు. కూరాకు. కరెంటు.
పొదుపు సంఘం కంతు, దాని చుట్టూ గుండ్రంగా ఒక గీత.
పాప ఆటో.
నా టీలు, రోజుకు రెండు
(శనివారం తాగే మూడోది నేను చెప్పను).
అన్నిటి కింద, చీమలంత అక్షరాలతో:
ఏమో, ముప్పై.

"ఏందే ఇది?"
"ఏమో."
"అదే అడుగుతాండ, ఏంది అని."
"అదే చెబుతాండ. ఏమో."

మిషన్ కాడ కుళ్లాయప్పకు చెప్తే పడీపడీ నవ్వినాడు.
"మీ ఇంట్లో ఒకటేనా? మా ఇంట్లో అన్నీ ఏమోలే."
ఇంటికొచ్చి ఆ మాట ఆమెకు చెప్పినా.
రొట్టె తిప్పుతూనే అనింది:
"పెన్న ఎండిపోయి ఉండాదని
వంతెన కట్టకుండా ఉన్నారా?"

ఒకప్పుడు రామసుబ్బయ్య అంగట్లో
మా పేరు మీద ఒక పుట ఉండేది.
అది తీర్చడానికి ఏడాదిన్నర పట్టింది.
చివరి రోజు ఆ కాగితం చించి ఇమ్మని అడిగింది మాబున్ని.
ఆయన ఇయ్యలేదు.
వెనక పక్క ఇంకొకరి బాకీ ఉందంట.
దారి పొడుగునా ఆ ఇంకొకరు ఎవరై ఉంటారో అని
ఆమె ఒకటే ఆలోచన.

తర్వాత, కరెంటు రేట్ల గొడవొచ్చి
మిషన్లన్నీ నిలబెట్టినారు.
చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఊరు.
ఒక వాన పడింది, దుమ్ము కడిగింది.
మా వీధి వేపచెట్టు పచ్చగా ఉంటుందని
పాపకు ఆ పొద్దే తెలిసింది.

బట్వాడా లేని మొదటి శనివారం
ఆమె బండ తుడవలేదు.
అటక మీదినుంచి బ్లేడు పోయిన మిక్సీ జారు దించి
చాప మీద బోర్లించింది.
పది రూపాయల బిళ్ళలు, మడతలు నలిగిన నోట్లు.
పాప ఎంచింది, నేను ఎంచినా:
వెయ్యిన్ని నూట నలభై.
ముప్పైఎనిమిది వారాలు
ఆ చీమల అక్షరాలను చూసి నవ్వినా నేను.

గొప్పగా చెప్పుకునేదేం లేదు.
పదకొండో రోజుకు జారు అడుగు కనిపించింది.
మిగతా వారానికి సుంకులమ్మ దగ్గర ఐదొందలు చేబదులు.
ఆమె అడగ్గానే ఇచ్చింది.
ఇస్తా ఇస్తా, "ఆ జారు యాడ కొన్నావు?" అనింది.

మిషన్లు మళ్ళీ అరిచినాయి.
చెట్టు మళ్ళీ తెల్లబడింది.
సోమవారం పొద్దున బండ నీళ్ళతో కడిగి
రాసింది మాబున్ని.
ఈసారి కింద కాదు,
సుంకులమ్మ బాకీకన్నా, నూనెకన్నా, నాకన్నా పైన:
ఏమో, నలభై.

పెరిగిన పది యాడిదని నేను అడగలేదు.
నా టీల గీత కాడ కొంచెంసేపు
ఆమె సుద్ద ఆగింది, అంతే.
కుళ్లాయప్ప పెండ్లాం నోరు నాకు తెలుసు.

సుద్దముక్క అరిగి గోరంతైంది.
"దీనికి గీత యాడ రాయాల?" అని అడిగింది.
ఈసారి, ఏమో అన్నది
నేను.