ఎందుకంటే తర్వాత ఖాళీ

మధ్యాహ్నం రెండున్నర.
మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగితే
ఎనిమిదో తరగతి బి సెక్షన్ మొత్తం ఒక్కసారే తుమ్ముతుంది.
గుంటూరులో హాజరు వేసుకోవడానికి అదే మంచి సమయం.

"ఎందుకు తుమ్ముతాం?" అంటాను.
"మిరపకాయలు సార్!"
"అది 'ఏమిటి'కి జవాబు. నేనడిగింది 'ఎందుకు'."
నాగుల్‌మీరా లేచి కిటికీ మూస్తాడు.
వాడి దృష్టిలో ప్రశ్న అయిపోయింది.

వీళ్ళ వ్యాసాలన్నీ ఒకే గుమ్మంలోంచి లోపలికొస్తాయి:
"మన దేశం వ్యవసాయ ప్రధానమైన దేశం."
నీటి కాలుష్యానికీ అదే, కంప్యూటర్‌కీ అదే,
క్రికెట్ గురించి రాయమన్నా ముందు ఆ నాగలే.
గైడు చెప్పింది. గైడుకెవరు చెప్పారో తెలియదు.

నేనూ ఆ గుమ్మంలోంచి వచ్చినవాణ్ణే.
ఇంటర్లో చేరిన మొదటి వారం
ఎకనమిక్స్ పుస్తకంలో ఒకే పేజీ పదకొండుసార్లు చదివాను.
పన్నెండోసారికి నోటికొచ్చింది,
బుర్రకెక్కలేదు.
అరండల్‌పేట గదిలో, ట్యూబ్‌లైటు కింద,
మాటలన్నీ తెలిసినవే,
వాటి మధ్య ఏం నడుస్తోందో తెలియక
కూర్చుండిపోయిన ఆ రాత్రిని
ఈ పిల్లలకి ఇవ్వదలచుకోలేదు.

అందుకే కథల పాఠం పక్కన పెట్టి
చిన్న మాటల్ని వేటాడమంటాను.
పేరాలో "అయితే" కనపడిందా, ఆగండి, బండి మలుపు తిరుగుతోంది.
"ఉదాహరణకు" దగ్గర ఊపిరి పీల్చుకోవచ్చు.
"కాబట్టి" అంటే వెనక్కి చూడండి,
దేన్ని బట్టి?
ఏసుదయ మొదట్లో అన్ని వాక్యాల కిందా గీతలు గీసింది,
పేజీ దున్నిన చేనైంది.
ఇప్పుడు మూడే గీస్తోంది.
ఆ మూడింటి కోసం నాతో దెబ్బలాడుతుంది.

సోమవారం ఒక పని ఇచ్చాను:
మీకు తెలిసి నాకు తెలియనిదేదైనా
నాకు అర్థమయ్యేలా చెప్పండి.
ఒక పేజీ. నాగలి లేకుండా.

ఒకడు పంక్చర్ వేయడం రాశాడు,
నీళ్ళలో ముంచిన ట్యూబు బుడగ వదలకపోతే ఏం చెయ్యాలో మర్చిపోయాడు.
ఇంకొకడు కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పేర్చాడు.
మస్తాన్‌బీ రాసింది:

"మా అమ్మ కాయలకి తొడాలు తీసిద్ది.
తీసేటప్పుడు చెయ్యి మండదు.
రాత్రి పడుకున్నాక మండుద్ది.
ఉత్త నీళ్ళతో కడిగితే పోదు.
ఎందుకంటే"

అంతే. ఆ తర్వాత సగం పేజీ తెలుపు.

"మిగతాది ఏదమ్మా?"
"తెలీదు సార్. తెలీనప్పుడు రాయొద్దన్నారుగా."

పదిహేడేళ్ళలో ఎన్నో ఖాళీలకి సున్నాలు చుట్టాను,
ఇంత నిజాయితీ గల ఖాళీ ఎప్పుడూ దిద్దలేదు.
నాకూ తెలియదని ఒప్పుకోవాల్సి వచ్చింది,
ముప్పై తొమ్మిది మంది ముందు.

సైన్సు టీచర్ సుగుణకుమారి గారి దగ్గరికి పంపాను.
ఒక గ్లాసులో నీళ్ళు, ఒక గ్లాసులో నూనె,
మధ్యలో కారం పొట్లం,
బెల్లు కొట్టినా ఇద్దరూ బయటికి రాలేదు.
బుధవారానికి తెలుపు నిండింది:

"ఎందుకంటే ఆ ఘాటు నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుద్ది.
కాబట్టి మా అమ్మ ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బు రుద్దుద్ది.
ఎలాగో అమ్మకి ముందే తెలుసు.
ఎందుకో నేను చెప్పాను."

"మండుద్ది"ని "మండుతుంది" చెయ్యాలా అని
ఎర్రపెన్ను కాసేపు గాల్లో ఆగింది.
దించలేదు.

పరీక్షలో ఇలాంటివి రావని హెడ్మాస్టరు గారు గుర్తుచేశారు.
రావు.
రెండేళ్ళ తర్వాత ఏ కాలేజీ బల్ల మీదో
గైడు లేని పేజీ ఒకటి ఎదురొస్తుంది.
ఈ పిల్ల "ఎందుకంటే" దగ్గర ఆగుతుంది.
అంతవరకే నా పూచీ.

శుక్రవారం వాళ్ళమ్మకి చదివి వినిపించిందట.
ఆమె తొడాలు తీస్తూనే చివరిదాకా విని
"అంతా బానే ఉంది," అందట,
"కిలోకి ఎంతిస్తారో రాయలేదేంటి?
ఎందుకంతే ఇస్తారో?"

మస్తాన్‌బీ ఇంకో తెల్లకాగితం అడిగింది.