భూతకాలం ఇంకా చెప్పలేదు

వేట నిషేధం, అరవై ఒక్క రోజులు.
ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ
ఒకదానికొకటి ఆనుకుని నెమరేస్తుంటాయి.
ఐస్ ఫ్యాక్టరీ మేడమీద మాత్రం
మంగళ, శుక్రవారాలు ఆరింటికి
మాకు స్పానిష్.

రోజ్‌లీన్ మేడమ్‌ది జ్ఞానాపురం.
పదకొండేళ్ళు ఓడల్లో లాండ్రీ చేసి
ఆ భాషని దుప్పట్లతో పాటు మడతపెట్టి తెచ్చుకుంది.
మొదటిరోజే బోర్డు మీద ఞ రాసింది.
"దీన్నెప్పుడైనా వాడేరా?"
ఒకటో తరగతి నుంచీ వరసలో ఊరికే నిలబడి
జీతం తీసుకుంటున్న అక్షరం.
"మఞానా" అంది. రేపు.
పాపం, ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది.
బండి ఱ కూడా షెడ్డులోంచి బయటికొచ్చింది,
కుక్క అనడానికి: పెఱ్ఱో.
పోలారావు ఆ మాట అన్నాడో లేదో
మెట్ల కింద నిజం కుక్క లేచి వెళ్ళిపోయింది.

సోయ్ వేరు, ఎస్తోయ్ వేరు అని
మేడమ్ గంటసేపు చెబుదామనుకుంది.
మాకు రెండు నిమిషాలు పట్టింది.
జాలరిని. ఒడ్డున ఉన్నాను.
మొదటిది చచ్చేదాకా,
రెండోది జూన్ పద్నాలుగు దాకా.

తరవాత ఒక పుస్తకం తెచ్చింది.
నాలుగొందల ఏళ్ళనాటి కథట.
రాసినవాడి పేరున్న పేజీ
ఏ చెదపురుగుకో బోధపడింది.
మమ్మల్ని చదవనివ్వలేదు.
తనే తెలుగులో చెప్పి, మూసి,
దానిమీద టిఫిన్ డబ్బా పెట్టింది.
"ఇక మీరు ఆడండి. వచ్చిన మాటల్తో.
రానివి చేతుల్తో."

మాకొచ్చినవి నూటపది మాటలు.
వలే తెర. చేపల ట్రేలే కోట.
షిప్పింగ్ ఆఫీసులో బిల్లులు కొట్టే నేను
రేవు సుంకరిని.
సముద్రమంటే పడని ఆటో తాతాజీ
నీలం లుంగీ కప్పుకుని పొర్లుతూ సముద్రం.
పోలారావు ఓడ నడిపే మొగుడు.
అతని పెళ్ళాం,
ఎండుచేపలమ్మడానికి మెట్లెక్కి
దించిన తట్ట మళ్ళీ ఎత్తని అర్జిల్లి బండమ్మ.

గుమ్మంలో అతను అనాల్సింది రెండే మాటలు.
మే వోయ్. పోతున్నాను.

"ఓలమ్మా, ఆ మాటొద్దండి.
గుమ్మంలో నిలబడి పోతన్నాననే మగోడికి
మా ఇంటికాడ సద్ది కూడా కట్టం."
కథలో అలాగే ఉంది అంది మేడమ్.
"కథ రాసినోడికి పెళ్ళాం నేదేటి?"

గొడవపడ్డాం, రెండు భాషల్లో,
ఉన్న నాలుగు క్రియలూ అరిగిపోయేలా.
కింద ఐసు మిషను ఆగింది.
మేడమ్ చాక్‌పీసు విరిచి రాసింది:
వోయ్ ఇ బ్వెల్వో.
వెళ్ళి, వస్తాను.
ఎక్కడో ఏదో రేవులో
వాళ్ళూ అంటారట.
బండమ్మ దాన్ని మూడుసార్లు నమిలి
ఉప్పు సరిపోయిందన్నట్టు తలూపింది.

అక్కడే వచ్చిపడింది చిక్కు.
పుస్తకంలో ఆ మనిషి తిరిగి రాడు.
ఆఖరి ఇరవై పేజీలూ ఆమె ఏడుపే.
మాటిచ్చాక రాకుండా ఎలా?
తాతాజీ పొర్లి పొర్లి పక్కకి జరిగి దారిచ్చాడు.
పోలారావు వల ఎత్తుకుని లోపలికొచ్చాడు.
నేను సుంకం అడగడం మర్చిపోయాను.

నిలబడ్డాడు.
ఎటు కొట్టుకుపోయాడో, ఏం తిన్నాడో,
తోటివాళ్ళలో ఎవరెవరు మునిగిపోయారో చెప్పాలి.
నోరు తెరిచాడు.
భూతకాలం మాకింకా చెప్పలేదు.
అది పదో పాఠం. శుక్రవారం.

మేడమ్ ఏదో అందించబోయి ఊరుకుంది.
బండమ్మ లేచింది. కథలో లేదది.
తన స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి
"అగ్వా" అంది.
అతను తాగుతుంటే
గొంతు కిందికీ పైకీ కదలడం
అందరం చూస్తూ కూర్చున్నాం.

గ్లాసు దించి,
మూతి తుడుచుకుని,
"మఞానా" అన్నాడు.

సర్లే, అంది బండమ్మ, తెలుగులో.