ఇరవయ్యెనిమిది ఎనిమిదొందలు

పెట్టె మీద యాభై ఆరు అని అచ్చేసి ఉంది.
తస్నీమ్ టీచర్ ఆ అంకె మీద వేలు పెట్టి
ఇరవై నాలుగే వస్తోందేం అని అడిగింది,
తూకంలో మోసపోయిన మనిషి అడిగినట్టు.
అమ్మింది నేనే.
చినాయ్ ట్రేడ్ సెంటర్లో, మెట్ల కింద దుకాణం.

జూలై ముసురు. దబీర్‌పురా గల్లీలో మడమల్లోతు నీళ్ళు.
స్కూటర్ డిక్కీలో టెస్టరు, రెండు గజాల మంచి తీగ,
తువ్వాల్లో చుట్టిన ఒక పాత మోడెమ్, సాక్ష్యానికి.

డయల్ టోన్ లేదంటుంది యంత్రం.
రిసీవర్ ఎత్తితే నాకు వినిపిస్తూనే ఉంది.
దాని చెవి ఇంకో దేశంలో తయారైంది,
మన ఎక్స్ఛేంజి గొంతు దానికి గొంతనే తోచదు.
ఏటీ ఎక్స్ త్రీ అని కొట్టాను, అంటే
నువ్వు వినక్కర్లేదు, నమ్మి నంబరు తిప్పు.

అప్పుడు మొదలైంది.
ముందు సన్నని ఈల,
తర్వాత మూకుట్లో ఇసుక వేయించిన చప్పుడు.
లోపలి గదిలోంచి టీచర్ అత్తగారు
"కౌన్ రోరా రే?" అని కేకేసింది.

ఎవరూ ఏడవట్లేదమ్మా.
బేరమాడుకుంటున్నాయి.
ఈ పెట్టెది ఫ్లెక్సు, అవతలి వాళ్ళది వీ నైంటీ,
రెండూ యాభై ఆరే, ఒకదాని మాట ఇంకోదానికి రాదు.
అందుకని రెండూ కిందికి, కిందికి,
చిన్నప్పుడు నేర్చిన మాటలదాకా దిగుతాయి.
మేమూ అంతే కదా.
నా ఉర్దూలో క్రియలుండవు,
ఆమె తెలుగులో మర్యాదలుండవు.
"నువ్వు కూర్చో సార్" అంటుంది. కూర్చున్నాను.

మేడ మీద ఇంకో ఫోను ఉందట, ఇదే లైను. పీకించాను.
ఇరవయ్యారు నాలుగొందలు.
గుమ్మం కింద తలుపు నలిపిన తీగ తీసి కొత్తది వేశాను.
ముప్ఫై ఒకటి!
టీచర్ చప్పట్లు కొట్టింది.
మూడు నిమిషాలకి తెగింది.

దించాల్సింది నాలుగు మెగాబైట్లు.
అలిఫ్ నుంచి యే దాకా నస్తాలీఖ్ అక్షరాలు,
ఛత్తాబజార్‌లో వాళ్ళాయన పెళ్ళికార్డుల ప్రెస్సుకి.
పొద్దుట్నుంచి నాలుగుసార్లు మొదలెట్టిందట,
ఒకసారి తొంభై రెండు శాతం దగ్గర పోయిందట.
ఆ తొంభై రెండు చెప్తూ గొంతు జీరబోయింది.

లైన్‌మ్యాన్ బాలనర్సు వచ్చి
గల్లీ మూల డబ్బా తలుపు తీశాడు.
లోపల జాయింటుకి పాల సంచీ చుట్టి ఉంది,
సంచీలో నీళ్ళు.
"నేనే చుట్టిన, పోయినేడు" అన్నాడు, సిగ్గేం లేదు.
తుడిచాడు, ఊదాడు, బీడీ మంట దగ్గరగా పట్టాడు.
"కేబులు మా నాయిన నౌకరీల ఉన్నప్పటిది సారూ.
దీనిమీద గంత ఉరికియ్యకు.
మెల్లగ పంపు, పోతది."

ఇంత చదువుకుని
ఆ మాట నాకు తట్టలేదు.
మోడెమ్‌కి పగ్గం వేశాను,
ఇరవయ్యెనిమిది ఎనిమిదొందలు, ఆపైన ఎగబడొద్దని.
చినుకు మళ్ళీ పట్టింది.
డబ్బా మూసేలోగా తగులుకుంది కనెక్షను.
కదపకు, కదపకు అని కిటికీలోంచి అరిచాను.

ఇరవై రెండు నిమిషాలు.
నీలిగీత పాకుతోంది.
టీచర్ ఊరికే ఉండలేక
పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తెచ్చింది,
పెట్టె మీద యాభై ఆరు కొట్టేసి
పక్కన సరైన జవాబు రాసింది.
మార్కులు మాత్రం వెయ్యలేదు.

తొంభై రెండు.
ఎవరం మాట్లాడలేదు.
తొంభై మూడు.

దిగింది.
అత్తగారు చాయ్ పంపింది, ఉస్మానియా బిస్కెట్లు.
తెర మీద మొదటి అలిఫ్ నిటారుగా లేచింది,
అందరం వంగి చూశాం.
కప్పు సగమయ్యాక గుర్తొచ్చింది,
గల్లీ మూల, తెరిచిన డబ్బా మీద
బాలనర్సు ఇంకా గొడుగు పట్టుకునే ఉన్నాడు,
తను తడుస్తూ.