పేరు రాయని సీసా

బాదేపల్లి కారంపొడి మిల్లుల
పాకెట్ల మీద తారీఖు కొట్టుడు నా పని.
ఇయ్యాల నింపినదానికి ఎల్లుండి తారీఖు కొట్టుమంటడు సేటు,
దుకాణంల తాజాగ కనవడాలెనట.
పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు నాకు నోటికొచ్చు,
నా ఆధార్ నంబరు రాదు.
ఆకుపచ్చ చుక్క, నికర బరువు,
దాని కింద: రంగు కలపలేదు.
సబ్బుతోటి మూడుసార్లు తోమినా
నా వేళ్ల ఎరుపు పోదు.

ఇంటికొస్తే మా అత్త ఊశమ్మ
సీసా పట్టుకొని కడపల కూసోని ఉంటది.
ఎవలో తాగి పారేసిన బీరు సీసా అది,
లేబులు గీకేసిన కాడ జిగురు మిగిలింది.
దానిమీద ఏం రాయలే.
బరువు లేదు, తారీఖు లేదు,
ఏమేం కలిసినయో లేదు.

మా ఊరి చుట్టు ఈతచెట్లు ముప్పై,
అండ్ల సగం ఎండినయి.
దుకాణంల రోజుకు ఐదొందల సీసాలు.
ఎక్కాలు రానోళ్లకు గూడ తెలిసే లెక్క ఇది,
ఎవ్వలు అడగలే.
నేనూ అడగలే.
ఆమె పంటెనే
పొద్దంత నిలవడ్డ నా కాళ్లకు ఇంత నిద్ర.

పోయిన చలికాలం ఆబ్కారోళ్లు జీపుల వచ్చిన్రు.
గంగాళం ఎనక పాలితీన్ సంచిల తెల్లపొడి,
చూస్తే రొట్టెల పిండి లెక్కనే ఉన్నది.
దుకాణానికి తాళమేసిన్రు.
ఊరు బాగుపడ్డదనుకున్నం.

రెండోనాటికి అత్త చేతులు వణుకుడు మొదలు.
దుప్పటి అంచు నమిలింది.
గోడ మీద లేని చీమలను కొంగుతోటి తుడిచింది.
ఎన్నడో సచ్చిన బర్రెను
పేరు పెట్టి పిలిచింది, పాలకు యాళ్లయిందని.

పాలమూరు దవాఖానల మంచానికి ఇద్దరు.
కోయిలకొండోళ్లు, మక్తలోళ్లు,
అందరి చేతులు ఒక్క తీరుగనే ఊగుతున్నయి.
నర్సమ్మ కాగితం తీసింది.
ఏం తాగింది?
కల్లు.
అండ్ల ఏముంటది?
పాకెట్టు ఎనక చదివినట్టు చెప్పబోయిన,
నోట్ల నుంచి ఒక్క ముక్క రాలే.

నెల తిరిగినంక మళ్ల తెరిచిన్రు.
ఈసారి చెట్టుకల్లే, పొద్దుగాల గీసింది,
నురుగుల తేనెటీగ ఒకటి ఈదుతున్నది.
వద్దన్నడు డాక్టరు. అయినా
ఆమె మొకం చూడలేక లోటెడు నేనే తెచ్చిన.

ఒక్క గుక్క పుక్కిలించి
కడప అవతల ఉమ్మేసింది అత్త.
"కల్తీది తెచ్చినవ్ పిల్లా," అన్నది,
"ఇండ్ల ఏం లేదు."