ఒక్క బ్లేడు చాలు

ట్రంకు రోడ్డులో ఫ్యాన్సీ షాపు.
అద్దం కింద రేజర్లు
తొలి ట్రిప్పు ప్యాసింజర్లలాగా
ఒద్దికగా కూర్చోనుండాయి.

గులాబి రంగుది నూట తొంభై,
నీలంది అరవై.
ఉక్కు ఒకటే, పిడి ఒకటే.
ఈ రంగుకి ఛార్జీ ఎవరు పెంచారో!

"సారుకా మేడం?" అన్నాడు కుర్రోడు.
"నాకే."
"కాళ్లకా, చేతులకా?"

పదకొండేళ్లుగా ఉదయగిరి బస్సులో
"యాడ దిగాల?" అని అరిచే గొంతు నాది.
యాడికో చెప్పలేక
నా గొంతే ఫుట్‌బోర్డు మీద నిలబడిపోయింది.

ఆ చోటుకి మా ఇంట్లో పేరు లేదు.
చిన్నప్పుడు "కింద" అన్నారు.
పెద్దమనిషినయ్యాక "అక్కడ" అన్నారు.
కాన్పప్పుడు డాక్టరమ్మ
చీటీ మీద ఇంగ్లీషులో ఏందో గిలికింది.
స్టేజీకి పేరే లేకపోతే
టిక్కెట్టు ఎట్టా కొట్టేది?

పోయిన రోహిణి కార్తెలో
మా ఆయన వాడి పడేసిన రేజరు,
ఒళ్లు రుద్దుకునే సబ్బు,
బాత్రూములో మినుకుమనే బల్బు,
"అమ్మా, అయిపోయిందా" అని తలుపు బాదే పిల్లోడు.
ఎదురు గీకాను, గట్టిగా గీకాను,
గిన్నె మాడు గీకినట్టు.

తెల్లారి ఖాకీ బట్టల కింద
సంగం దాటేసరికి చెమట,
ఆత్మకూరుకి ఒరుపు,
ఉదయగిరిలో దిగేసరికి
కారం కలిపిన ఇసక.
"ఏంది అట్టా నడుస్తుండావు?" అన్నాడు డ్రైవరు.
"చెప్పు కరిచింది" అన్నాను.
పాపం, కొత్త చెప్పులు కూడా కావవి.

మస్తానమ్మ మా బస్సులో ముందు సీటు.
పొగతోట నర్సింగ్‌హోమ్‌లో ఇరవై ఆరేళ్లు ఆయా.
కాన్పులకి ముందు
ఎంతమందిని గీసి సిద్ధం చేసిందో ఆ చెయ్యి.
"లెక్కేస్తే సగం నెల్లూరు మే" అంటుంది, నవ్వుతా.

హారన్ చాటున అడిగాను.
ఆమె మాత్రం గొంతు తగ్గించలేదు.

"గడ్డానికి లేని సిగ్గు దీనికెందుకు మే?
అయిదు బ్లేళ్లదంటే అయిదుసార్లు గీకినట్టే.
చర్మం లోపలికి తెగిన వెంట్రుక
బయటికి దోవ తెలీక అక్కడే చుట్టుకుంటది,
అదే పొక్కు.
ఒక్క బ్లేడు చాలు, కొత్తదై ఉండాల, తల తేలిగ్గా తిరగాల.
ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించు.
గోరువెచ్చని నీళ్లు పోసుకో, నాననీ రవ్వంతసేపు.
వాసన లేని నురగ.
ఎటు మొలిస్తే అటే పోవాల, పైరు వాలిన దిక్కుకి.
అదిమిపెట్టబాక, రేజరు బరువే చాలు.
అయినాక పౌడరేయబాక,
నూలు గుడ్డ కట్టుకో, గాలి ఆడనీ.
ఒకరిది ఇంకొకరు ముట్టబాకండి, మొగుడైనా సరే.
తడిలో పెట్టబాక. తుప్పుకి సిగ్గుండదు."

ఊపిరి తీసుకుని
కిటికీలోంచి పెన్నకేసి చూసింది.
"అసలు గియ్యకపోయినా ఏం కాదు.
అది మురికని మాకు నేర్పించారు,
మేం మీకు నేర్పించాం.
ఇప్పుడు డాక్టరమ్మలే వద్దంటుండారు.
ఎన్ని గాట్లు పెట్టానో నా చేత్తో,
నొప్పుల్లో ఉన్నోళ్లు, అరవను కూడా లేదు."

బ్రిడ్జి అయిపోయిందాకా
ఇద్దరం మాట్లాడలేదు.

అందుకని, ఫ్యాన్సీ షాపులో, కుర్రోడితో:
"కాళ్లకీ కాదు, చేతులకీ కాదు.
నీలంది, ఒక్క బ్లేడుది ఉండాదా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి, చెయ్యి మాత్రం చురుకే.
వార్తాపత్రికలో చుట్టి, నల్ల కవరు తియ్యబోతే
"కవరొద్దులే" అని
చిల్లర సంచిలో వేసుకున్నాను,
అయిదు రూపాయల బిళ్లల పక్కన.

ఆ రాత్రి పిల్లోడు నిద్రపోయినాక
అరగంట. తొందర లేదు.
అయినా ఎడం పక్క చిన్న గాటు పడింది.
చేయి అలవాటు పడాల.

ఆదివారం పొద్దున కిటికీలో ఆరుతున్నదాన్ని
"కొత్తదేందే?" అని మా ఆయన అందుకోబోయినాడు.
"అది నాది" అన్నాను.
గడ్డం రుద్దుకుంటా
తన తుప్పుది వెతుక్కున్నాడు.

రేపు అయిదింటి ట్రిప్పు.
సంగం దాటితే గానీ తెలీదు.