ముద్ర లేని గుడ్డు

గోడ మీద వాక్యాల క్యాలెండరు.
పొద్దున లేస్తూనే ఒక కాగితం చించుతా.
ఈ పొద్దు లూకా పదహారు.
కొంచెంలో నమ్మకంగా ఉండేటోడు
శానాదాంట్లోనూ అట్లే ఉంటాడంట.
చదివి, మడిచి, రవికెలో పెట్టుకున్నా.
దినామూ అయితే పొయ్యిలో అంటిస్తా.
ఈ పొద్దు చెయ్యి రాలే.

ఎందుకంటే నిన్న
బడి వంటింట్లో ముప్పై తొమ్మిది గుడ్లు లెక్కబెట్టి
ముప్పై ఎనిమిదే ఉడకేసినా.
ఒకటి కొంగున ముడేసుకొని
పెన్న గట్టెంబడి ఇంటికొచ్చినా.
గుడ్డు పగలకుండా నడిచేది ఎంత కష్టమో
దొంగిలించినోళ్లకే తెలుసు.

మనమడు తీతుకు మూడు దినాల జరం.
జమ్మలమడుగు ఆసుపత్రి మాత్రలు కక్కుతాడు,
సంగటి ముట్టడు.
గుడ్డు ఒలిచిస్తే పచ్చసొన తిని
తెల్లది నా నోటికాడ పెట్టినాడు,
"అవ్వా, నువ్వు తిను."
తిన్నా.

పొయ్యి ముందర కూచోని ప్రభువుతో కొట్లాడినా:
అది సర్కారు గుడ్డు.
గంగన్న కొడుకు నిన్న బడికే రాలే,
ఎవురి నోటికాడిదీ తియ్యలే నేను.
నీ శిష్యులు గూడా విశ్రాంతి దినం నాడు
ఎవురిదో చేన్లో ఎన్నులు తుంచుకోని తినలేదా?
వాళ్లను నువ్వే గదా ఎనకేసుకొచ్చింది?
ఆయప్ప ఉలకలే, పలకలే.
రవికెలో కాగితం మాత్రం
చెమటకు తడిసి ఒంటికి అతుక్కునింది.

మస్తానమ్మ అంగట్లో ఏడు రూపాయలిచ్చి
ఒక గుడ్డు కొని ట్రేలో పెట్టినా.
తీరిపోయింది అనుకున్నా.

సర్కారు గుడ్లకు నీలం ముద్ర ఉంటాదని
ఆ గడియకు యాడ గుర్తుండాది నాకు?
పెద్దయ్యవారు లెక్క చూస్తా చూస్తా
తెల్లగా ఉండేదాన్ని ఎండకు పట్టి
"ఏం సువార్తమ్మా, బడిలో కోడి తిరుగుతాందా?" అన్యాడు.
పిల్లోళ్లు నగినారు.
ఓబుళమ్మ పప్పు ఎనుపుతా ఎనుపుతా నిలిపింది.

"నిన్న ఒకటి ఇంటికి తీసకపోయినా సార్.
ఇది దాని బదులు."
అంతే చెప్పినా.
జక్కయ్య మాదిరి నాలుగింతలియ్యను
నా కాడ యాడుండాయి?

అయ్యవారు పుస్తకం మూసినాడు.
"ఇట్లాంటివి నోటితో చెప్పగూడదమ్మా,
రాయాల్సొస్తాది" అని
రాయకుండానే లేసి పోయినాడు.

ఓబుళమ్మ మాత్రం పోలే.
పన్నెండేండ్లు ఒకే పొయ్యి ఊదినోళ్లం.
ఆయమ్మ సంచిలో దినామూ
ఒక గలాసు కందిబ్యాళ్లు ఇంటికి పోతాయి.
నేను చూళ్లే. చూసినా చూళ్లే.
నా కంట్లో దూలమే నాకు శానా.
"నువ్వు మంచిదానివైతివి.
రేపట్నుంచి నా సంచి ఎతుకుతారు" అని
గంటె ఇసిరేసి అటు తిరుక్కునింది.

నిజం చెప్తే మనసు తేలికయితాదంటాడు పాస్టరయ్య.
ఎవురి మనసో చెప్పడు.

రాత్రి తీతుకు జరం ఇడిసింది.
మాత్రకో, ప్రార్థనకో,
ఆ గుడ్డుకో. నేనడగలే.

తెల్లారి ఇంకో కాగితం.
మత్తయి ఐదు.
అర్పణను బలిపీఠం కాడే ఇడిసిపెట్టి
ముందు పోయి సమాధానపడమంట.
నిన్నటి వాక్యానికి ఏడు రూపాయలయినాయి.
దీనికెంతవుతాదో
ఏ అంగట్లో అడగాల?

చాటలో ఇన్ని బుడ్డలు పోసుకోని
ఓబుళమ్మ ఇంటి ముందర
నాపరాయి మెట్టు మీద నిలబడినా.
తలుపు సగం తెరిచే ఉండాది.
లోపల పప్పు ఉడికే వాసన.
"ఓబుళా" అందామంటే
గొంతు పెగల్లే.
దగ్గినా.